శోభ టీచరు అర్ధగంట గొంతు

గరిడేపల్లి మండలంలోని ఆ హైస్కూల్లో శోభ టీచరు జీవశాస్త్రం చెబుతుంటే, బడి వెనుక మడిలో కలుపు తీసే ఆడవాళ్లకు కూడా ఆకులు అన్నం ఎట్లా వండుకుంటాయో తెలిసిపోయేది. అరవై మంది పిల్లల గోల మీదుగా, రోడ్డున పోయే ట్రాక్టర్ల పాటల మీదుగా, పక్క గదిలో లెక్కల సారు బల్ల గుద్దుడు మీదుగా ఇన్నేళ్లూ పాఠం చెప్పిన గొంతు అది. తండాలో పుట్టి, మేకల వెంట తిరుగుతూ, గుట్ట ఈ పక్క నుంచి ఆ పక్కకు కేకలేసి పెంచుకున్నది. బీఎడ్ సీటు మార్కులతో వచ్చింది. మంచి టీచరన్న పేరు మాత్రం గొంతుతోనే వచ్చింది.

ఆ గొంతు దసరా సెలవుల తర్వాత ఒక సోమవారం పదో తరగతిలో పోయింది. గుండె పాఠం మొదలుపెట్టి "కుడి కర్ణిక" అనబోతే "కుడి" వరకే వచ్చింది. ఆ తర్వాత గాలి వచ్చింది. పిల్లలు అదేదో కొత్త పద్ధతి అనుకుని కాసేపు శ్రద్ధగా చూశారు.

మిర్యాలగూడలో గొంతు డాక్టరు సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించాడు. రెండు తెల్లటి తీగల మీద రెండు చిన్న కాయలు.

"అరిచి అరిచి కాయలు కాసినయమ్మా, పారపట్టిన చేతులకు కాసినట్టే," అన్నాడు. "రెండు నెలలు రోజుకు అర్ధగంటే మాట్లాడాలె. అది గూడ మెల్లగ. గుసగుస అసలే వద్దు, దానితోటి ఇంకా పాడైతది. ఇనకపోతే ఆపరేషన్. ఆపరేషన్ తర్వాత గిదే గొంతు మర్లి వస్తదని మాత్రం నేను రాసియ్యలేను."

శోభ తలూపింది. ఆ తలూపుడుతో ఆమె కొత్త జీవితం మొదలైంది.

ఇంట్లో ఈ వార్తకు అందరూ ఒకేలా బాధపడ్డారని చెప్పలేం. ఆమె భర్త జగన్‌కు నేరేడుచర్లలో వరికోత మిషన్లు బాగుచేసే షెడ్డుంది. మూడు రోజులు గడిచాక అన్నం తింటూ, "పెండ్లయినకాన్నుంచి ఇయ్యాల్నే, నా మాట నాకు ఇనవడుతున్నది," అన్నాడు. శోభ పలక మీద ఏదో రాసి చూపించింది. అదేమిటో అతను ఎవరికీ చెప్పలేదు. అత్త కమల మాత్రం నిజంగానే దిగులుపడింది. కోడలితో కొట్లాడకపోతే ఆమెకు పొద్దు పోదు.

ఇంట్లో ఎట్లాగో నడిచింది. బడిలో నడవలేదు. సెలవు పెడితే ఆమె స్థానంలో జీవశాస్త్రం చెప్పే మనిషి లేడు. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. గుండె, మూత్రపిండాలు, మెదడు, అన్నీ మిగిలే ఉన్నాయి. పాఠం చెబితే గొంతు పోతుంది. చెప్పకపోతే పిల్లలు పోతారు.

అప్పుడు దానియేలు సారు రంగంలోకి దిగాడు. ఆయన ఇంగ్లిష్ టీచరు. రోజూ కోదాడ నుంచి బైకు మీద వస్తాడు. యూట్యూబ్ చూసి పాడ్‌కాస్టింగ్ నేర్చుకున్నాడు. ఇంగ్లిష్ గ్రామర్ మీద సొంత పాడ్‌కాస్ట్ నడుపుతున్నాడు. దానికి శ్రోతలు ముగ్గురు: ఆయన, ఆయన భార్య, దుబాయ్‌లో ఎవరో ఒకాయన. ఆ దుబాయ్ ఆయన ఎవరో తెలుసుకోవాలని సారుకు మహా కోరిక.

"మేడం గారూ, మీ అర్ధగంటని రికార్డు చేసేద్దామండీ," అన్నాడు. "ఒక్కసారి చెప్తే చాలు, రెండు సెక్షన్లకీ స్పీకర్లో వేసేయొచ్చు. పిల్లలు ఇంటికెళ్లి మళ్లీ మళ్లీ వింటారు. మీ గొంతుకి రెస్టు, వాళ్లకి రివిజను. ఏవంటారు?"

శోభ ఏమీ అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అయింది.

కొంగుకు పెట్టుకునే చిన్న మైకు ఒకటి ఇచ్చి, ఆయన నియమాలు చెప్పాడు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఫ్యాను తిరగకూడదు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. మాట మొదలుపెట్టే ముందు కాసేపు ఊరికే కూర్చుని గది చప్పుడు రికార్డు చేసి, అది వినాలి.

శోభ ఇంట్లో ఊరికే కూర్చుని రికార్డు చేసింది. తర్వాత విన్నది. ఎదురింటి రైస్‌మిల్లు గురగుర, పక్కింటి కుక్కర్, పాత ఇనుప సామాను కొంటామంటూ పోయే ఆటో మైకు, అత్త చూసే సీరియల్లో ఎవరో ఎవరినో చెంపదెబ్బ కొట్టడం. నేరేడుచర్ల మొత్తం ఆ కాసేపట్లోనే ఉంది.

"దుప్పటి కప్పుకుని రికార్డు చేయండీ, పెద్ద పెద్దోళ్లు కూడా అలానే చేస్తారు," అన్నాడు దానియేలు సారు.

శోభ కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మందపాటి దుప్పటి ముసుగేసుకుని, అందులో చెమటలు కక్కుతూ, "గుండెలో నాలుగు గదులుంటాయి," అని మొదలుపెట్టింది. కమల గదిలోకి వచ్చి చూసింది. నట్టింట్లో ముసుగు. ముసుగులో గొణుగుడు.

"ఓ జగనూ! దీనికి సలిజ్వరం వచ్చిందిరో! పలవరిస్తున్నది!"

శోభ తల బయటపెట్టేలోగా ఇంకో రెండు దుప్పట్లు వచ్చి పడ్డాయి. నుదుటికి బామ్ పూయడానికి ఒక చేయి లోపలికి దూరింది. ఆ రోజు రికార్డింగులో దక్కింది ఇంతే: "గుండెలో నాలుగు గదులుంటాయి. అవి... కండ్లల్ల పడ్డది అత్తా... నోరు మూసుకొని పండుకో పిల్లా, నాలుగు గదులట నాలుగు గదులు!"

మంచి చోటు జగన్‌కు తట్టింది. మిల్లువాళ్ల పాత గోదాము అవతలి వీధిలో ఉంది. దాన్ని చూసుకునే హమాలీ మేస్త్రి గౌరయ్య అతనికి తెలిసినవాడే. గోదాములో వడ్ల బస్తాలు దూలాల దాకా పేర్చి ఉన్నాయి. నడుమ మనిషి పట్టేంత సందు. అందులో నిలబడి శోభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు చేతుల్లోంచి బయటికే రానట్టు ఆగిపోయింది.

"గీడ మాట్లాడితే మాట గోనెసంచిల వడ్డట్టే మేడం," అన్నాడు గౌరయ్య గర్వంగా. "మా హమాలోళ్లు నన్ను తిట్టాలంటే గీడికే వస్తరు."

దానియేలు సారు వచ్చి చూసి, బస్తాలను చేత్తో తడిమి, "హైదరాబాదులో ఇలాంటి గదికి గంటకింతని కట్టాలండీ," అని ఆనందపడ్డాడు. వడ్ల దుమ్ముకు ఏడుసార్లు తుమ్మి కూడా ఆనందంగానే ఉన్నాడు.

చోటు దొరికింది. మాట దొరకలేదు. ఎదురుగా ముఖాల్లేవు. చివరి బెంచీలో గుసగుసల్లేవు. "పవన్, ఏం నవ్వుతున్నవ్?" అనడానికి పవన్ లేడు. ఉన్నవన్నీ బస్తాలు. శోభ పుస్తకం చూసి చదివింది. రెండు రోజుల అర్ధగంటలు ఖర్చుపెట్టి పాఠం పూర్తిచేసింది. మూడో రోజు పదో తరగతిలో స్పీకరు పెట్టింది.

పవన్ బల్ల మీద తలవాల్చాడు. మొదటి బెంచీ వందన చాలాసేపు ఓపిక పట్టింది.

"టీచర్, గిది మీరేనా? కరెంటాఫీసోళ్లు బిల్లు కట్టుమని మైకుల చెప్పినట్టున్నది."

శోభ బోర్డు మీద "నేనే" అని రాసింది. క్లాసు సానుభూతిగా చూసింది.

దానియేలు సారు వెనక్కి తగ్గే రకం కాదు. పాఠాన్ని టైపు చేసి కంప్యూటరు గొంతుతో చదివించాడు. ఆ గొంతు ఎక్కడో దూరాన పుట్టి, తెలుగు మీద జాలిపడి నేర్చుకున్నట్టుంది. "జఠరిక" దగ్గర దానికి నాలుక మెలిపడ్డప్పుడల్లా క్లాసు లేచి చప్పట్లు కొట్టింది. పీరియడంతా నవ్వులే. చివర్లో గుండెకు ఎన్ని గదులని బోర్డు మీద రాసి అడిగితే, ఒకడు ఆరన్నాడు.

శోభ గోదాముకు తిరిగి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. బాగా రాలేదు. చెరిపింది. మళ్లీ చెప్పింది. ఒకసారి నిజంగానే బాగా వస్తుంటే ఫోను మోగింది. ఫ్లైట్ మోడ్ మరిచిపోయింది. "కూర ఏం తేవాలె?" అన్నాడు జగన్. అర్ధగంట దాటిందని తెలిసి కూడా ఆమె ఇంకోసారి చెప్పింది. మర్నాడు పొద్దున లేచేసరికి గొంతులో ముల్లు. నీళ్లు మింగినా గుచ్చుకుంది. ఆ రోజు అర్ధగంట కూడా లేదు. తన గొంతును తనే గోదాములో బస్తాలకు పోస్తోందని ఆమెకు అర్థమైంది. ఆదివారం ఇంకొక్కసారి చూసి, కుదరకపోతే సెలవు పెట్టేద్దామనుకుంది.

ఆదివారం కమల వెంట వచ్చింది. "దినాం గోదాంల ఏం వెలగబెడుతున్నవో నేనూ సూస్త," అంది. సందులో ఒక బస్తా మీద సర్దుకుని కూర్చుంది. చప్పుడు చేయొద్దని శోభ సైగ చేసింది. కమల నోటి మీద వేలేసుకుంది. శోభ మైకు పెట్టుకుని మెల్లగా అంది: "గుండెలో నాలుగు గదులుంటాయి."

"ఊ," అంది కమల.

అది ఆమె కావాలని చేసింది కాదు. తండాలో ఎవరు ఏ కథ మొదలుపెట్టినా ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. ఊ నీరసంగా ఉంటే కథ చెప్పేవాడు తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు. అందుకే మంచి ఊ కొట్టేవాళ్లకు తండాలో గిరాకీ. కమలదీ తండానే. అందులో ఆరితేరిన మనిషి. నమ్మిన ఊ వేరు, నమ్మని ఊ వేరు, "తొందరగ చెప్పు, ఇంట్ల పనున్నది" అనే ఊ వేరు.

శోభ రికార్డింగ్ ఆపబోయింది. కానీ ఆ ఊ తర్వాత మాట దానంతటదే వచ్చేసింది.

"పైన రెండు, కింద రెండు."

"ఊఁ? మనకు రెండర్రలు, ముగ్గురం ఉంటున్నం. పిడికెడు గుండెకు నాలుగెందుకే?"

పుస్తకంలో దీనికి జవాబు లేదు. శోభ పుస్తకం మూసింది.

"మంచి రక్తం, చెడ్డ రక్తం కలవొద్దని అత్తా."

"కలిస్తే? కొట్లాడుకుంటయా?"

"కొట్లాడుకోవు. ఒంటికి ప్రాణవాయువు సరిపోదు. అందుకే నడుమ గోడ ఉంటది."

"గోడకు కన్నం వడితే?"

"పుట్టుకతోటే కన్నమున్న పిల్లలుంటరు. ఉరికితే ఆయాసమొస్తది. ఆపరేషన్ చేసి మూస్తరు."

"అయ్యో, పాపం. ఊ. మరి కిందర్రకు పోయిన రక్తం మర్లి పైకొస్తే?"

"రాదు. నడుమ తలుపుంటది. ఒక్కదిక్కే తెరుసుకుంటది. దాని పేరు కవాటం."

"తలుపని పిలిస్తే పలకదా?"

శోభకు నవ్వొచ్చింది. నవ్వు కూడా రికార్డయింది. పాఠం పరుగెత్తింది. ఊపిరితిత్తులకు పోయింది, తిరిగొచ్చింది, బృహద్ధమని ఎక్కి ఒళ్లంతా తిరిగింది. కమల "ఊ... ఊ... ఊఁ?" అంటూ వెంటే ఉంది. అంతా ముగిశాక శోభ గొంతు తడుముకుంది. ముల్లు గుచ్చుకోలేదు. ఇన్నేళ్లలో చేతికందే దూరంలో కూర్చున్న ఒక్క మనిషికి పాఠం చెప్పడం ఆమెకు ఇదే మొదలు.

ఆ రికార్డింగు విని దానియేలు సారు తల పట్టుకున్నాడు. "బ్యాక్‌గ్రౌండ్ నాయిసు చాలా ఉందండీ. నేను క్లీన్ చేస్తాను," అన్నాడు. కోదాడలో ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, భోజనం కూడా అక్కడికే తెప్పించుకుని, కమల గొంతును కత్తిరించాడు. ఊలన్నీ పోయాయి. ప్రశ్నలన్నీ పోయాయి. శోభ నవ్వు పోయింది. బియ్యంలో రాళ్లేరినట్టు ఏరాడు.

మర్నాడు క్లాసులో స్పీకరు అంది: "కొట్లాడుకోవు. ఒంటికి ప్రాణవాయువు సరిపోదు... రాదు. నడుమ తలుపుంటది..."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"టీచర్, మీరెవరితోటి మాట్లాడుతున్నరు?" అంది వందన.

"గోదాంల దయ్యం ఉన్నదంట టీచర్! మా తాత సూసిండంట!" పవన్ అప్పటికే బెంచీ మీదికెక్కాడు.

క్లాసు చేయి దాటిపోయింది. శోభ అరవలేదు. అరిచే వీలు లేదు. ఆ పాఠం ఆపి, తన ఫోనులో ఉన్న అసలు రికార్డింగు స్పీకర్లో పెట్టింది.

"ఊ," అంది కమల గొంతు.

నలుగురు నవ్వారు. "పిడికెడు గుండెకు నాలుగెందుకే?" దగ్గర క్లాసంతా నవ్వింది. "కన్నం వడితే?" దగ్గర నవ్వు ఆగింది. ఆ సంగతి వాళ్లకూ కావాలి. ఎవరూ అడిగే ధైర్యం చేయలేదంతే. "తలుపని పిలిస్తే పలకదా?" దగ్గర పవన్ బల్ల కింద పడి నవ్వాడు. బృహద్ధమని వచ్చేసరికి కమల కంటే ముందే పిల్లలు ఊ కొడుతున్నారు. అరవై గొంతుల ఊ విని హెడ్మాస్టరు కర్ర పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, చివరిదాకా విని, కర్ర చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దానియేలు సారు అసలు రికార్డింగును మళ్లీ మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. తర్వాత, "మేడం గారూ, నా గ్రామరుకి కూడా పెద్దమ్మ గారు ఊ కొడతారేమో కనుక్కుంటారా?" అన్నాడు.

ఆ తర్వాత పాఠాలు పిల్లల ఫోన్ల నుంచి తల్లుల ఫోన్లలోకి, అక్కడి నుంచి ఎవరికీ తెలియని చోట్లకూ పాకాయి. గరిడేపల్లి, నేరేడుచర్ల మధ్య షేర్ ఆటో నడిపే తిరుపతి పొద్దున సగం పాఠం వేసి ఆపేసేవాడు. "మిగిలింది సాయంత్రం. నా బండే ఎక్కుర్రి," అనేవాడు. మార్కెట్లో కమలను చూసి ఎవరో "గుండెకు నాలుగెందుకే?" అన్నారట. ఆ వారమంతా ఆమె రోజూ మార్కెట్టుకు పోయింది, కూరగాయలు అక్కర్లేకపోయినా.

రెండు నెలలు నిండడానికి రెండు వారాలున్నాయనగా సూర్యాపేట నుంచి పిలుపొచ్చింది. జిల్లా సైన్స్ టీచర్ల శిక్షణలో శోభ ఆడియో పాఠం చేసి చూపించాలి. హాలు నిండా టీచర్లు. కొంగుకు తనకూ ఒక మైకు కావాలని కమల పట్టుబట్టింది. దానియేలు సారు తనది తీసి పెట్టాడు. అది ఫోనులోకే రికార్డు చేస్తుందని, హాలుకు వినిపించదని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు.

శోభ అత్తను వెంటబెట్టుకుని స్టేజీ ఎక్కి, ఆమెను ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. మూత్రపిండాల పాఠం. హాలు మైకు తీసుకుని, "నమస్కారం," అంది. మైకు కీచుమని, గరగరమని, చచ్చిపోయింది. తీగలు పీకారు, పెట్టారు. లాభం లేదు. వెనుక వరుసల్లో ముచ్చట్లు మొదలయ్యాయి. శిక్షణ నడిపే సారు లేచి రెండు చేతులూ ఎత్తాడు.

"శోభ మేడం గొంతుకు మైకెందుకు? బీఎడ్ల మేమంత ఒకటే బ్యాచి! ఒక్క కేకెయ్యి మేడం, గోడలు కదలాలె!"

హాలంతా చప్పట్లు. శోభ ఛాతీ తనకు తెలియకుండానే నిండింది. కడుపు బిగిసింది. నోరు తెరుచుకుంది. ఒక్క కేక. దానికి హాలు సద్దుమణుగుతుందని ఆమెకు తెలుసు. ఆ కేకకు ఏం పోతుందో కూడా తెలుసు. తెర మీద చూసిన రెండు కాయలూ కళ్ల ముందుకొచ్చాయి.

ఆమె ఊపిరి వదిలేసింది. కుర్చీ లాక్కుని, హాలుకు పక్కగా, అత్తకెదురుగా కూర్చుంది. గోదాము గొంతుతో, పక్కమనిషికి చెప్పినట్టు అంది: "ఒక్కొక్క మూత్రపిండంల పది లక్షల జల్లెడలుంటయి అత్తా."

మొదటి వరుసకే వినపడి ఉంటుంది. కానీ కమల గొంతుకు కాయలు లేవు, డాక్టరు లేడు, అర్ధగంట లేదు.

"ఏందీ? పది లచ్చల జల్లెడలా? సిక్కుడు గింజంత దాంట్ల?"

చివరి వరుసలో ఒకాయన ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

"మరీ గింజంత గాదు, పిడికెడుంటది. రక్తమంతా వాటి గుండనే పోతది."

"ఒంట్ల ఉన్న నెత్తురంతానా! ఊఁ? దినానికొక్కసారా?"

"ఎన్నోసార్లు. వడగట్టుడు, మంచిది మళ్ల లోపలికి తీసుకొనుడు."

"వడగట్టినంక మళ్ల తీసుకునుడేంది? గదేం పిచ్చి పని?"

హాలు ఘొల్లుమంది. వెనుక ముచ్చట్లు ఆగిపోయాయి. కమల ప్రతి మాటనూ నమ్మలేక గట్టిగా తిరిగి అడిగేది. ఆ అడగడంతోనే పాఠం గోడల దాకా పోయేది. శోభ ఒక్కసారీ గొంతు పెంచలేదు. మూత్రాశయం దాకా వచ్చేసరికి ముందు వరుసలోని సార్లు ఊ కొడుతున్నారు. ఎవరో మైకు బాగైందని తెచ్చి ఇవ్వబోతే, శిక్షణ నడిపే సారే "ఆగవయ్యా, అడ్డం రాకు!" అని కసిరాడు.

రెండు వారాల తర్వాత మిర్యాలగూడలో డాక్టరు మళ్లీ గొట్టం పంపాడు. తెర మీద రెండు తీగలు తెల్లగా, నున్నగా ఉన్నాయి.

"కరిగినయమ్మా," అన్నాడు. "ఇగ ఎంతసేపన్న మాట్లాడు. అరవకు, అంతే."

శోభ బయటికొచ్చింది. ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ఏం మాట్లాడాలో తోచలేదు. ఇంటికి పోదామని నేరేడుచర్ల మీదుగా పోయే బస్సెక్కి, అత్త పక్కన కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తోంది. కమలే మొదలుపెట్టింది.

"సూర్యాపేటల సార్లందరు నాతోటే ఫోటో దిగిర్రు. పాఠంల నా పేరు ముంగట పెట్టాలె. కమల, తర్వాత శోభ."

శోభ నెమ్మదిగా అటు తిరిగింది.

"పాఠం చెప్పేది ఎవరు?"

"ఊ లేకపోతే నీ పాఠం ఏడిది? బస్తాలు ఇన్నయా?"

"బీఎడ్ చేసింది నేను!"

"చేసినవు తీ. కరెంటాఫీసు మైకు లెక్క సదివినవంట గదా, వందన చెప్పింది."

"దుప్పట్లు మీదేసి నా పానం తీసిందెవరు? బామ్ కండ్లల్ల పూసిందెవరు?"

రెండు నెలలుగా లోపల పేరుకున్నదంతా బయటికొచ్చింది. కేకల్లేవు. డాక్టరు మాట జవదాటలేదు. మెల్లగా, స్పష్టంగా, నోటికి జానెడు దూరంలో, ఒక మాట తర్వాత ఒక మాట. కమల ముఖం వెలిగిపోతోంది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి కూర్చున్నారు. నేరేడుచర్ల వచ్చింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు, బస్సు హుజూర్‌నగర్ వైపు కదిలింది. శోభ అప్పుడప్పుడే అసలు విషయానికి వస్తోంది.